చలికాలపు నగర యాత్రలో చిత్రాలు, సంగీతం, మ్యూజియంలు: వియన్నా, మాడ్రిడ్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో దేనిని ఎంచుకోవాలి?

చలికాలంలో నాలుగైదు రోజుల తీరిక చేసుకుని, ఏదైనా ఒక యూరప్ నగరానికి వెళ్లి మంచి చిత్రాలు చూసి, మంచి సంగీతం విని రావాలనుకునేవారు సాధారణంగా ముందు మ్యూజియంల జాబితా తీస్తారు. పేరున్న చిత్రాలు ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికి ప్రయాణం ఖాయం చేసుకుని, సాయంత్రాల సంగతి వెళ్లాక చూసుకోవచ్చునని ఊరుకుంటారు. నా సలహా దీనికి పూర్తిగా విరుద్ధమైనది. ముందు సాయంత్రాలను ఎంచుకోవాలి, వాటిని బట్టి నగరాన్ని నిర్ణయించుకోవాలి, పగళ్లను మ్యూజియంలకు ఆ తరువాతే పంచుకోవాలి. పేరున్న చిత్రం డిసెంబరులోనైనా ఫిబ్రవరిలోనైనా దాదాపు ఎప్పుడూ తన గోడ మీదే ఉంటుంది. కచేరీ మాత్రం ఒక్క రాత్రి జరిగి ముగిసిపోతుంది.

చలికాలంలో ఈ వరుసకు మరో బలమైన కారణం ఉంది. డిసెంబరు చివరి వారంలో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. వియన్నాలో నాలుగు దాటిన కొద్ది నిమిషాలకు, ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగున్నర ప్రాంతంలో చీకటి మొదలవుతుంది. మాడ్రిడ్‌లో మాత్రమే ఆరు కావస్తుండగా పొద్దు గుంకుతుంది. అంటే మొదటి మూడు నగరాలలో, మనిషి మేలుకుని ఉండే సమయంలో దాదాపు సగం చీకటిలోనే గడుస్తుంది. ఆ సగానికి ఏ ఏర్పాటూ లేకుండా వెళ్లినవారు చలిలో వీధులు తిరిగి, అలసి, గదికి చేరి పడుకుంటారు. పైగా ఈ నగరాలలో ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, ఆడే గృహాలకు, వాద్యబృందాలకు సెప్టెంబరు నుంచి జూన్ దాకా సీజన్. నడివేసవిలో చాలా వేదికలు మూతపడతాయి. కాబట్టి సంగీతం కోసం వెళ్లేవారికి చలికాలమే సరైన కాలం.

నాలుగు నగరాలనే పోలికకు తీసుకోవడానికి కారణం చెప్పాలి. పారిస్, లండన్ ఇంకా పెద్దవి, అక్కడి సంపద ఇంకా ఎక్కువ. కానీ నాలుగు రోజులలో ఆ నగరాల దూరాలే సగం శక్తిని తినేస్తాయి. చిన్న పగటిని దారిలో పోగొట్టుకోకుండా చిత్రాలకూ సంగీతానికీ సమంగా న్యాయం చేయగల నగరాలుగా ఈ నాలుగింటిని ఎంచుకున్నాను.

వియన్నా: సంగీతమే మొదటి కారణమైతే

వియన్నాలోని ప్రధాన ఒపెరా గృహమైన స్టాట్స్‌ఓపర్ 1869లో ప్రారంభమైంది. సీజన్‌లో దాదాపు ప్రతి రాత్రీ ఇక్కడ ఒపెరాయో బాలేయో ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఈ రాత్రి ఆడినది సాధారణంగా రేపు ఆడరు. ఒకే వారంలో మూడు నాలుగు వేర్వేరు రచనలు వేదికనెక్కుతాయి. కాబట్టి తేదీలు ఎలా కుదిరినా, వరుసగా మూడు రాత్రులు వెళ్లి మూడు వేర్వేరు ప్రదర్శనలు చూసే అవకాశం సందర్శకునికి ఉంటుంది. మాడ్రిడ్‌లోని టియాత్రో రియాల్ ఒపెరా గృహం పద్ధతి ఇందుకు భిన్నం: ఒక రచనను సిద్ధం చేసి దానినే కొన్ని వారాల పాటు, మధ్య మధ్య ఖాళీ రోజులతో ఆడతారు, మనం వెళ్లిన నాలుగు రోజులలో అక్కడ ఏమీ లేకపోవడం కూడా జరగవచ్చు. ఈ ఒక్క తేడా తెలియక నిరాశపడేవారు చాలామంది.

స్టాట్స్‌ఓపర్‌లో నిలబడి చూసే చోట్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఇవి ప్రదర్శన రోజునే అమ్మకానికి వస్తాయి, ధర చాలా తక్కువ. కొనుక్కున్నవారు లోపలికి వెళ్లి, ఎదురుగా ఉన్న కమ్మీకి తమ మెడలోని స్కార్ఫును ముడివేసి బయటకు వస్తారు. ఆ ముడి ఉన్నంతసేపు ఆ చోటు వారిదే, దానినెవరూ విప్పరు. కమ్మీ మీద అమర్చిన చిన్న తెర మీద పాటల అర్థం కదులుతూ ఉంటుంది. కింది అంతస్తులో నిలబడే చోటు వేదికకు సూటిగా ఎదురుగా ఉంటుంది కనుక, చూపు విషయంలో పక్క బాల్కనీలలోని ఖరీదైన కుర్చీలకన్నా అదే మేలు. మూడు గంటల పైబడిన రచనకు మాత్రం నిలబడి చూసే ఆలోచన పెట్టుకోవద్దు. పగలంతా మ్యూజియంలో నిలబడిన కాళ్లే రాత్రీ నిలబడాలని గుర్తుంచుకోవాలి.

మ్యూజిక్‌ఫెరైన్ కచేరీ భవనం 1870లో తెరుచుకుంది. అందులోని బంగారు హాలు పొడవైన పెట్టె ఆకారంలో ఉంటుంది. హాలు ఇరుకుగా, కప్పు ఎత్తుగా ఉండటం వల్ల పక్క గోడల నుంచి, వాటి ముందున్న శిల్పాల నుంచి, బాల్కనీల అంచుల నుంచి శబ్దం చెదిరి అన్ని వైపుల నుంచీ చెవిని చేరుతుంది. తీగవాద్యాలన్నీ కలిసి మెల్లగా పలికే చోట, ధ్వని ఒక దిక్కు నుంచి రావడం కాక, మనం దానిలో కూర్చున్నట్లు అనిపిస్తుంది. పక్క బాల్కనీలలో వెనుక వరుసల నుంచి వేదిక దాదాపు కనిపించదు. వినడం చాలుననుకునేవారికి అవి మంచి చోట్లే; చూడటం కూడా ముఖ్యమైతే వాటిని కొనవద్దు. జనవరి 1న జరిగే నూతన సంవత్సర కచేరీ టికెట్లను అంతకు ముందే లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు కనుక దానిని లెక్కలోకి తీసుకుని యాత్ర వేసుకోవడం అర్థం లేని పని. అదే కార్యక్రమాన్ని డిసెంబరు 30న, 31న కూడా వాయిస్తారు గాని వాటికీ పద్ధతి అదే.

నగరం నడిబొడ్డున పాత కాలపు విగ్గులు, కోట్లు ధరించినవారు కచేరీ టికెట్లు అమ్ముతూ ఎదురవుతారు. వారు అమ్మేవి పర్యాటకుల కోసం ఏర్పాటు చేసిన తేలికపాటి కార్యక్రమాలే గాని నగరంలోని పేరుపొందిన వాద్యబృందాల కచేరీలు కావు. ఏ బృందం, ఏ హాలు, ఏ రచన అన్న మూడు ప్రశ్నలకు సూటి జవాబు రాని టికెట్‌ను కొనకపోవడం మంచిది. మరో జాగ్రత్త: ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలానికి ముందరి గురువారం స్టాట్స్‌ఓపర్‌లో పెద్ద నృత్యోత్సవం జరుగుతుంది. కుర్చీలు తీసి వేదిక ఎత్తున నేల పరుస్తారు కాబట్టి దానికి ముందూ వెనుకా కొన్ని రోజులు మామూలు ప్రదర్శనలు ఉండవు. ఫిబ్రవరిలో వెళ్లేవారు ఆ తేదీని ముందుగానే చూసుకోవాలి.

ఇక చిత్రాలు. 1891లో తెరిచిన కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ చిత్రాలు 12 ఉన్నాయి. ప్రపంచంలో ఒకే చోట ఇన్ని మరెక్కడా లేవు. వాటిలో 1565 నాటి ‘మంచులో వేటగాళ్లు’ చిత్రాన్ని చలికాలంలోనే చూడాలని నేను గట్టిగా చెబుతాను. ముగ్గురు వేటగాళ్లు మనకు వీపు తిప్పి కొండ దిగుతున్నారు. తలలు వాల్చిన కుక్కలు వారి వెంట అడుగులీడుస్తున్నాయి. అంత మంది వేటకు దక్కినది ఒక్క బక్క నక్క. అది ఒకరి వీపున కర్రకు వేలాడుతోంది. ఎడమ పక్క సత్రం ముందు మంట రేపుతున్నారు, ఆ సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడి ఒరిగిపోయింది. కింద, గడ్డకట్టిన కొలనుల మీద చీమలంత మనుషులు ఆడుకుంటున్నారు. ఒక స్త్రీ కట్టెల మోపుతో వంతెన దాటుతోంది. దూరాన ఒక ఇంటి పొగగొట్టానికి నిప్పంటుకోగా నిచ్చెన వేసి ఆర్పుతున్నారు. బయటి చలిలో నడిచి వచ్చి, ముక్కు ఇంకా ఎర్రగా ఉండగా ఈ చిత్రం ముందు నిలబడితే, ఆ ఆకుపచ్చ బూడిద రంగు ఆకాశాన్ని ఇప్పుడే చూసి వచ్చామన్న సంగతి స్ఫురిస్తుంది. గురువారాలు ఈ మ్యూజియం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. ప్రదర్శన లేని సాయంత్రాన్ని గురువారానికి కేటాయించుకుంటే బ్రూగెల్ గది దాదాపు ఖాళీగా దొరికే అవకాశముంది.

ఎగువ బెల్వెడేర్‌లో క్లిమ్ట్ ‘ముద్దు’, లియోపోల్డ్ మ్యూజియంలో ఎగాన్ షీలే చిత్రాలు ఉన్నాయి. సెసెషన్ అనే కళా ప్రదర్శన భవనం నేలమాళిగలో క్లిమ్ట్ 1902లో బీతోవెన్‌ను స్మరిస్తూ గీసిన 34 మీటర్ల చిత్రవరుస ఉంది. రాత్రి అదే సంగీతకారుని సింఫనీ వినబోయేవారు ఆ పగలు దీనిని చూసి వెళ్లడం కన్నా మంచి ఏర్పాటు ఉండదు.

మాడ్రిడ్: చిత్రాలే ప్రాణమైతే, చలి అంటే భయమైతే

మాడ్రిడ్‌లో చలికాలం పొడిగా, ఎక్కువ రోజులు ఎండతో గడుస్తుంది. సుమారు 650 మీటర్ల ఎత్తున ఉన్న నగరం కనుక రాత్రి చలి గట్టిగానే ఉంటుంది గాని, పగలు ఒక మ్యూజియం నుంచి మరొక దానికి నడవడం హాయిగా ఉంటుంది. ప్రాడో, రెయినా సోఫియా, తీసెన్-బోర్నెమీసా మూడూ ఒకే వీధిని ఆనుకుని, పది పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్నాయి. ఆ వీధినీ, పక్కనున్న రెతీరో ఉద్యానవనాన్నీ 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

చిత్రకళ ఒక్కటే కొలమానమైతే నాలుగు నగరాలలో నా ఓటు ప్రాడోకే. 1819లో ప్రజలకు తెరిచిన ఈ మ్యూజియం స్పెయిన్ రాజుల సేకరణ నుంచి పుట్టింది. అందువల్ల దీనిలో అన్ని దేశాల నుంచి కొద్దికొద్దిగా కాక, వెలాస్క్వెజ్, గోయా, టిషియన్, బాష్ వంటి కొందరి చిత్రాలు మరెక్కడా లేనంత లోతుగా ఉన్నాయి. వెలాస్క్వెజ్ 1656లో గీసిన ‘లాస్ మెనీనాస్’ మూడు మీటర్లకు పైగా ఎత్తున్న చిత్రం. దగ్గరకు వెళ్లి చిన్న రాకుమారి చేతిని, దుస్తులను చూస్తే అక్కడ ఏమీ లేదు. తెల్లని, ఎర్రని, బూడిద రంగు కుంచె గీతలు తొందరగా విసిరినట్లు కనిపిస్తాయి. అయిదారు అడుగులు వెనక్కి వేయగానే ఆ గీతలే పట్టుబట్టగా, గాజు మెరుపుగా మారిపోతాయి. ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో పట్టుకోవడానికి ముందుకూ వెనక్కూ నడవాలి. జనం తక్కువగా ఉన్న జనవరి మధ్య రోజులలో తప్ప అది సాధ్యం కాదు. గోయా తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 ‘నల్ల చిత్రాలు’ కూడా ఇక్కడే ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవారు ఆ గది గురించి ముందే ఆలోచించుకోవాలి.

ప్రాడో ప్రతిరోజూ చివరి రెండు గంటలు ఉచితం. ఆ సమయానికి ముందే పెద్ద వరుస కడతారు. మొదటిసారి వెళ్లేవారు దానిని నమ్ముకోకూడదు. ఉదయం టికెట్ కొని తీరికగా చూసి, మనసుకు పట్టిన ఒకటి రెండు చిత్రాలను మళ్లీ చూడటానికి మరో రోజు ఉచిత సమయంలో వెళ్లడం సరైన పద్ధతి. జనవరి 1న, డిసెంబరు 25న ప్రాడో మూసి ఉంటుంది; డిసెంబరు 24, 31, జనవరి 6 తేదీలలో మధ్యాహ్నానికే మూసేస్తారు. రెయినా సోఫియాకు మంగళవారం సెలవు. అక్కడి ‘గ్వెర్నికా’ను 1937లో పికాసో గీశాడు, దాదాపు ఎనిమిది మీటర్ల పొడవున్న ఆ చిత్రంలో ఒక్క రంగూ లేదు, నలుపు, తెలుపు, బూడిద మాత్రమే. దాని పక్క గదులలో ఆ చిత్రం తయారవుతుండగా తీసిన ఫొటోలనూ, చిత్తు గీతలనూ కూడా చూసిన తరువాత మళ్లీ వెనక్కి వచ్చి చూడాలి.

సంగీతం విషయంలో మాడ్రిడ్‌ను తక్కువ చేయలేము గాని, దాని బలం వేరే చోట ఉంది. 1988లో తెరిచిన ఆడిటోరియో నాసియోనాల్‌లో మంచి వాద్యబృందాలు వాయిస్తాయి, ఆదివారం ఉదయం కచేరీలు కూడా ఉంటాయి. అయితే ఈ నగరంలో నేను సూచించే సాయంత్రం, ఫ్లామెంకో అనే స్పెయిన్ పాట, నృత్య కళను ప్రదర్శించే చిన్న వేదిక. దగ్గరి కుర్చీ దొరికేలా ముందే చెప్పుకుని కూర్చుంటే, చెక్క నేల మీద మడమ దెబ్బ పడ్డప్పుడు అది మన కుర్చీ కాళ్ల గుండా తెలుస్తుంది. గాయకుని గొంతు ఒక స్వరాన్ని పట్టుకుని విరిచి మళ్లీ అతికించే తీరు ముఖంలో కనిపిస్తుంది. పెద్ద హాలులో, మైకుల మధ్య ఈ కళ సగం పోతుంది.

బెర్లిన్: రెండోసారి, మూడోసారి ప్రయాణించేవారికి

బెర్లిన్‌ను మొదటి యాత్రకు సూచించడానికి నేను సందేహిస్తాను. మ్యూజియం దీవిలోని అయిదు మ్యూజియంలలో అత్యంత ప్రసిద్ధమైన పెర్గమాన్ 2023 అక్టోబరు నుంచి మరమ్మతుల కోసం పూర్తిగా మూసి ఉంది. ఒక భాగాన్ని 2027లో తెరవాలన్నది ప్రణాళిక. ప్రాచీన బాబిలోన్ నగరపు ఇష్తార్ ద్వారం ఉన్న భాగానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. దాని కోసమే వెళ్లదలచినవారు ఇప్పుడు ఆగడం మంచిది. అయినా నోయెస్ మ్యూజియంలో ప్రాచీన ఈజిప్టు రాణి నెఫెర్తీతి శిల్పం, ఆల్టే నాసియోనాల్ గాలరీలో కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ చిత్రాలు ఉన్నాయి. సముద్రం ముందు ఒంటరిగా నిలబడిన సన్యాసిని చూపే ఆయన చిత్రానికి, బయట మూడున్నరకే మసకబారుతున్న బెర్లిన్ ఆకాశం మంచి జోడీ.

ఈ నగరపు అసలు ఆకర్షణ కుల్టుర్‌ఫోరుమ్ ప్రాంతం. అక్కడ గెమెల్డెగాలరీ అనే చిత్రాల మ్యూజియం, వాద్య పరికరాల మ్యూజియం, ఫిల్‌హార్మొనీ కచేరీ భవనం పక్కపక్కనే ఉన్నాయి. గెమెల్డెగాలరీలో రెంబ్రాంట్, వెర్మీర్, కరవాజియో చిత్రాలున్నా, దాని స్థాయికి తగినంత జనం ఎప్పుడూ ఉండరు; నిశ్శబ్దం కోరేవారికి ఇది వరం. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు వాద్య మ్యూజియంలో పాత మూకీ చిత్రాల కాలపు పెద్ద వుర్లిట్జర్ ఆర్గాన్‌ను వాయించి చూపుతారు. పిల్లలతో వెళ్లినవారు దీనిని వదులుకోకూడదు.

హాన్స్ షారూన్ రూపకల్పనలో 1963లో తెరిచిన ఫిల్‌హార్మొనీలో వేదిక దాదాపు నడిమధ్యన ఉంటుంది. కుర్చీల గుంపులు కొండవాలున ద్రాక్ష తోటల మడులలాగా చుట్టూ మెట్లుమెట్లుగా లేస్తాయి. బంగారు హాలులోలాగా ధ్వని మనలను చుట్టుముట్టదు. దానికి బదులు ప్రతి వాద్యమూ ఎక్కడి నుంచి పలుకుతోందో స్పష్టంగా తెలుస్తుంది. వాద్యబృందం వెనుక కుర్చీలు చవకగా దొరుకుతాయి, అక్కడి నుంచి సంగీత నిర్దేశకుని ముఖం ఎదురుగా కనిపిస్తుంది. మృదువుగా వాయించమన్న సంకేతం కనుబొమల కదలికతో ఇవ్వడం అక్కడి నుంచే చూడగలం. అయితే ఏక గాయకులున్న రాత్రి ఆ కుర్చీలు వద్దు, గొంతు వేదిక ముందువైపుకు వెళ్లిపోతుంది. వియన్నా హాలు ధ్వనిలో మునగాలనుకునేవారిది, బెర్లిన్ హాలు ఆ ధ్వని ఎలా అల్లుకుంటుందో గమనించాలనుకునేవారిది. సీజన్‌లో బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిల్‌హార్మొనీ ముందరి హాలులో ఉచిత కచేరీలు జరిపే సంప్రదాయమూ ఉంది. వెళ్లే వారానికి అది ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి. సోమవారం ఇక్కడి ప్రధాన మ్యూజియంలలో చాలావాటికి సెలవు.

ఆమ్‌స్టర్‌డామ్: రెండు మూడు రోజులే ఉంటే

వాన, గాలి ఈ నగరపు చలికాలంలో మామూలు విషయాలు. కానీ రైక్స్‌మ్యూజియం, వాన్ గో మ్యూజియం, స్టెడెలిక్ మ్యూజియం, 1888లో తెరిచిన కాన్సర్ట్‌గెబౌ కచేరీ భవనం అన్నీ ఒకే మైదానం చుట్టూ ఉండటంతో ఆ వానను పెద్దగా పట్టించుకోనవసరం లేదు. సమయం తక్కువగా ఉన్నవారికి ఇంతకన్నా అనువైన అమరిక మరెక్కడా లేదు. రైక్స్‌మ్యూజియం ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. మాడ్రిడ్‌లో ప్రాడో తలుపులు మూసుకునే డిసెంబరు 25న, జనవరి 1న కూడా ఇక్కడికి వెళ్లవచ్చు. రెంబ్రాంట్ 1642లో గీసిన ‘నైట్ వాచ్’ చుట్టూ గాజు గది కట్టి, 2019 నుంచి అందరి కళ్ల ముందే దానిని పరిశీలిస్తూ, బాగుచేస్తూ ఉన్నారు. కొందరికి ఆ గాజు అడ్డుగా తోస్తుంది. నాకు మాత్రం ఒక మహా చిత్రానికి జరుగుతున్న వైద్యాన్ని చూసే అవకాశం అరుదైనదిగా అనిపిస్తుంది. వాన్ గో మ్యూజియంకు సమయం నిర్ణయించిన టికెట్‌ను ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, తలుపు దగ్గర అమ్మరు. నవంబరు చివరి నుంచి జనవరి దాకా కాలువల వెంట దీపాల కళారూపాల ఉత్సవం జరుగుతుంది. కచేరీ లేని రాత్రికి అది సరిపోతుంది.

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ఒపెరాను, వాద్యబృందాన్ని ఇంతవరకు ప్రత్యక్షంగా వినని మనిషికి ఒక్క నగరమే చెప్పమంటే వియన్నా చెబుతాను. చిత్రాలంటే ఇష్టం, సంగీతం ఉంటే మంచిదే అనుకునేవారికి, పెద్దవయసువారితో వెళ్లేవారికి మాడ్రిడ్ మేలు. వెలుతురూ, చిన్న దూరాలూ వారికి కలిసివస్తాయి. క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా తప్ప సెలవు దొరకనివారు ఆమ్‌స్టర్‌డామ్ వైపు చూడాలి. అయితే నాలుగు నగరాలలోనూ ఆ పన్నెండు రోజులలోనే రద్దీ ఎక్కువ. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా గదులు ఖాళీగా, టికెట్లు సులువుగా, హాళ్లలో కార్యక్రమాలు నిండుగా ఉంటాయి కనుక, తేదీలు మన చేతిలో ఉంటే ఆ వారాలనే ఎంచుకోవాలి.

ఒకే రోజున రెండు పెద్ద మ్యూజియంలు, రాత్రి కచేరీ పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. రెండు గంటలు దాటాక కన్ను చూస్తూనే ఉంటుంది గాని మనసు పట్టించుకోవడం మానేస్తుంది; అలా అలసినవారు రాత్రి హాలు వెచ్చదనానికి నెమ్మదైన భాగంలోనే నిద్రలోకి జారుకుంటారు. ఉదయం తెరవగానే ఒక మ్యూజియంకు వెళ్లి, ముందే ఎంచుకున్న అయిదారు చిత్రాలను కూర్చుని చూసి, మధ్యాహ్నపు కొద్ది వెలుతురును బయట నడకకు వాడుకుని, చీకటి పడ్డాక ఒక గంట గదిలో నడుము వాల్చి, కచేరీకి వెళ్లాలి. పెద్ద కోటు, సంచి హాలు బయటి గదిలో అప్పగించాల్సి ఉంటుంది; ముగిశాక అక్కడ వరుసలో నిలబడటానికి పది నిమిషాలు పడుతుంది గనుక చివరి ట్రాము సమయాన్ని దానికి తగినట్లు చూసుకోవాలి.